భూగర్భ సమాచారము ఎవరి సొత్తు?

మన దేశమున వాడు ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. ఇట్టి తరుణమున మన నేల లోపలి సంగతులు మనకెంతవఱకు తెలియును, తెలిసినవి ఎవరి యధీనమున నున్నవి అను ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది.

చమురు వెదకువారు నేలపై కంపములు పుట్టించి, లోని శిలాస్తరములనుండి మఱలివచ్చు ప్రతిధ్వనులను యంత్రములతో గ్రహింతురు. త్రవ్విన ప్రతి బావియు తాను చీల్చిన పొరల వృత్తాంతమును తెలుపును. చమురు పడని బావియు వ్యర్థము కాదు. ఒకరికి వట్టిపోయిన బావి మఱియొకరికి త్రోవ చూపును. కాని ఆ వృత్తాంతము భద్రముగ నుండి, ఇతరుల కందినపుడే గదా!

అస్సాములోని డిగ్‌బోయిలో 1889లో చమురు పడినది మొదలు పోగైన సమాచారము చిరకాలము పలుసంస్థల కొట్లలో కాగితపుచుట్టలుగను, టేపులుగను చెదరియుండెను. 2017లో కేంద్రప్రభుత్వమువారు నేషనల్ డేటా రిపాజిటరీ యను జాతీయ భాండాగారమును నెలకొల్పిరి. 2016 నాటి క్రొత్త విధానము ననుసరించి, అన్వేషకులు అందలి సమాచారమును పరిశీలించి తమకు వలసిన ప్రదేశమును తామే కోరుకొనవచ్చును. ఇది హర్షణీయము. కాని గాదె కట్టినంతమాత్రమున ధాన్యము నిండదు. నిండినంతమాత్రమున ఆకలి తీఱదు.

నార్వే దేశీయులు 1995లోనే డిస్కోస్ అను ఉమ్మడి భాండాగారమును ఏర్పఱచుకొనిరి. అచ్చట బావుల మూలసమాచారమును సాధారణముగ రెండేండ్ల పిమ్మట బహిరంగపఱతురు. 1965లోనే తొలి యనుమతులిచ్చిన సీమయందు, ఎందఱో వెదకి విడిచిన చోట, 2010లో యోహాన్ స్వెర్‌డ్రుప్ అను మహాక్షేత్రము బయల్పడెను. పాతలెక్కలను క్రొత్తకన్నులతో చదువువారికి అవకాశముండుటయే అందలి నీతి.

ఇది ఆంధ్రులకు దూరపు సంగతి కాదు. కృష్ణా గోదావరీ సముద్రక్షేత్రమున పొరుగు ఖండములలోని వాయునిక్షేపములు లోలోపల కలిసియున్నవని 2015లో నిపుణులు నివేదించిరి. వివాదము న్యాయస్థానముల కెక్కినది. పొరలలోని వాయువు కాగితముపై గీచిన హద్దుల నెఱుగదు. 1995లో పాశర్లపూడి బావి రెండుమాసములకు పైగా మండిన సంగతి కోనసీమవాసులు మఱవలేదు. వాయువు తీయుటవలన డెల్టాభూములు క్రుంగుచున్నవా యని రైతు అడిగినపుడు, ఊహలతో గాక లెక్కలతో ఉత్తరమీయవలదా?

ధనము వెచ్చించి వెదకినవారికి కొంతకాలము గోప్యత యుండుట న్యాయమే. కాని ఆ గడువు స్పష్టముగ నుండవలెను. గడువు తీఱినవెంటనే సమాచారము బహిరంగము కావలెను. పాతటేపులు శిథిలమై, వానిని చదువు యంత్రములును మాయము కాకమునుపే వానిలోని సమాచారమును క్రొత్తరూపమున భద్రపఱుపవలెను. మన విశ్వవిద్యాలయముల విద్యార్థులకు భాండాగారపు ద్వారములు ధనికసంస్థలకువలెనే తెఱచియుండవలెను.

ఈ సమాచారము ప్రభుత్వపు సొత్తని ఒప్పందములే పలుకుచున్నవి. ప్రభుత్వపు సొత్తనగా ప్రజల సొత్తు. ప్రజల సొత్తునకు తాళము వేయుట రక్షణ కావచ్చును. తాళపుచెవిని దాచిపెట్టుట మాత్రము రక్షణ కానేరదు.