పెండ్లి ఖర్చు: వధూవరులు వ్రాయవలసిన లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను మాట ఎరుగని రైతు లేడు. అయినను ఇల్లు కట్టునప్పుడు మేస్త్రీని పిలిచి ఇటుకల లెక్క, సిమెంటు లెక్క అడుగు మనము పెండ్లినాడు లెక్క అడుగుట అమంగళమని తలంచుచున్నాము. ముందు ముహూర్తము, తరువాత విందు, చిట్టచివరకు అప్పు తెలియుచున్నది. ఈ క్రమము మారవలెనని మా అభిప్రాయము.

పెద్దలు చేసిన పెండ్లి అప్పు కొంతకాలమునకు వధూవరుల నెత్తినే పడును. కావున నిశ్చితార్థమునకు పూర్వమే వారిద్దరును ఇరువైపుల పెద్దల యెదుట కూర్చుండి లెక్క వ్రాసికొనవలెను. పిల్లలకేమి తెలియునని కొందఱనవచ్చును. రేపు అప్పు పత్రముపై చేవ్రాలు చేయదగినవారు నేడు ఖర్చుల పట్టిక వ్రాయదగనివారెట్లగుదురు?

ఒక ఇంటివారు పెండ్లికై 2 లక్షల రూపాయలు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చిరనుకొందము. ఏడాదికి వడ్డీయే 48,000 రూపాయలగును. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యమునకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరమునకు 20 క్వింటాళ్లు పండినచో వచ్చునది 47,380 రూపాయలు. అనగా దుక్కి, నాట్లు, ఎరువులు, కోత ఖర్చులు తీయకమునుపే ఒక ఎకరపు పంట యావత్తును వడ్డీకి చాలదు. అసలు అట్లే నిలిచియుండును.

సంఘమున తీసికొన్న పంటరుణమును పెండ్లికి మళ్లించుట అంతకంటె కీడు. వడ్డీ రాయితీ గల పంటరుణమును గడువులోపల చెల్లించినవారికి వడ్డీ 7 శాతమునుండి 4 శాతమునకు తగ్గును. గడువు తప్పినచో ఆ లాభము పోవును. మరుసటి రుణమునకు చిక్కు వచ్చును. ఎరువులు అరువు తెచ్చి, ఆ కొట్టువానికే అతడు చెప్పిన ధరకు ధాన్యము కొలువవలసి వచ్చును. విత్తనపు గింజలు వండుకొని తినుటకును దీనికిని భేదమేమి?

పట్టికలో మొదట చేతనున్న సొమ్ము వ్రాయవలెను. కళ్లమునకు రాని పంటను వ్రాయరాదు. తెలంగాణమున 2014లో ఆరంభమైన కల్యాణలక్ష్మి వంటి సహాయమైనను చేతికందిన పిదపనే లెక్కకు రావలెను. ఉన్నదానిలో పదవవంతు అనుకోని ఖర్చులకు తీసియుంచి, తక్కినదానిని తప్పనివి, తగ్గింపదగినవి, మానదగినవి అని మూడుగా విభజింపవలెను. తాళిబొట్టు, నూతన వస్త్రములు, దగ్గఱి బంధువుల భోజనము తప్పనివి. పెద్ద విందు తగ్గింపదగినది: విస్తరికి 250 రూపాయలైనచో 600 మందికి 1,50,000, 400 మందికి 1,00,000 రూపాయలు. పిలుపులు తగ్గించినంతమాత్రముననే 50,000 మిగులుచున్నది. బాణసంచా, ఊరేగింపు ఆర్భాటము మానదగినవి. కట్నమునకు ఇందు చోటే లేదు. 1961 నాటి చట్టము ప్రకారము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమే. తక్కిన ఖర్చును రెండిండ్లవారును సమముగా భరించుట న్యాయము.

నలుగురు నవ్వుదురని భయపడువారు కలరు. ఆ నలుగురిలో ఒక్కడును వాయిదానాడు సంఘమునకు వచ్చి మన బాకీ కట్టడు.

రైతు సోదరులారా, నేల కొలిచి విత్తనము కొలుచు మీకు రాబడి కొలిచి ఖర్చు కొలుచుట క్రొత్త విద్య కాదు. రాబోవు ముహూర్తములకు ముందే లెక్కపుస్తకమును వధూవరుల చేతికీయుడు.