డిజైను సులువే... కుట్టే కష్టం!

ఎగ్జిబిషన్లో రంగురంగుల ముక్కలు అతికిన దుప్పటి కనిపిస్తే చాలు, దాని చుట్టూ చేరిపోతాం. "అమ్మో, ఎంత లెక్కగా కుట్టారో! ఇది మనవల్ల అయ్యే పనేనా?" అంటూ ముక్కుమీద వేలేసుకుంటాం. అదే, పాత చీరలతో బొంత కుట్టిపెడతానంటూ వీధిలోకి వచ్చిన ఆవిడ కూలి చెబితే మాత్రం "పాత గుడ్డలు కుట్టడానికి అంతా?" అని బేరం మొదలెడతాం. నిజం చెప్పాలంటే మన మెచ్చుకోలూ, మన బేరమూ రెండూ తలకిందులే!

ముందు ఆ గజిబిజి డిజైను సంగతి చూద్దాం. 5 అంగుళాల చదరపు ముక్కలు 9 తీసుకోండి. మధ్యలోకి ముదురు రంగు, నాలుగు మూలలకి ఒక రంగు, మిగిలిన నాలుగింటికి మరో రంగు. పావంగుళం అంచు వదిలి, వరసకి 3 చొప్పున అతికితే 14 అంగుళాల గళ్ల గుడ్డ తయారవుతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా, అడ్డంగా సరిగ్గా మధ్యకి కత్తిరించేయండి. కుట్టినదాన్ని కత్తిరించడానికి చెయ్యి రాదు. అయినా ధైర్యం చేయండి! వచ్చిన నాలుగు ముక్కల్లో ఐమూలగా ఉన్న రెండింటిని తలకిందులుగా తిప్పి, నాలుగూ మళ్లీ అతకండి. చిన్నా పెద్దా గళ్లు ఒకదాన్లోకి ఒకటి దూరినట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లు తల గోక్కోవాల్సిందే. వేసినవన్నీ తిన్నని కుట్లే!

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు కుట్టే 'కవంది' బొంతలదీ ఇదే తీరు. ముందుగా గీసుకున్న డిజైను ఉండదు. పాత చీర పరిచి, ఒక మూల మొదలెట్టి, చేతికందిన ముక్క అంచు మడిచి కుట్టుకుంటూ, చుట్టూ తిరిగి మధ్యకి వస్తారు. ముక్కని అతికేదీ, పొరల్ని కలిపేదీ ఆ ఒక్క కుట్టే. చూపుకి మాత్రం అదో పెద్ద చిక్కుముడి.

మరి కష్టమెక్కడ? ఎవరూ మెచ్చుకోని ఆ సాదా కుట్టులో! 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బొంతకి అంగుళం ఎడంతో నిలువు వరసలు వేశారనుకోండి. అంగుళానికి 3 కుట్లు పడినా మొత్తం పదివేలు దాటతాయి. అన్నీ నాలుగైదు పొరల మందంలోంచి సూది గుచ్చి లాగాల్సినవే. నడుం వంచుకుని, వేళ్లు పొడిపించుకుని కుట్టాల్సినవే.

"చీరలు మనవే, దారమూ మనదేగా?" అంటారు కొందరు. నిజమే. ఆవిడ అమ్మేది గుడ్డ కాదు, తన పూటల్ని. దానికి కూలి తగ్గించమనడం న్యాయమేనా?

కాబట్టి డిజైను చూసి జడుసుకోకండి. పైన చెప్పిన గళ్ల ముక్క ఒక్కటి కుడితే దిండు గలీబుకి సరిపోతుంది. అయితే అక్కడితో ఆగకండి. దాని కింద పాత చీర మడతలు నాలుగు వేసి, అంగుళానికో వరస చొప్పున చేత్తో కుట్టి చూడండి. ఈసారి బొంతలు కుట్టే ఆవిడ గుమ్మంలోకి వచ్చినప్పుడు బేరమాడటానికి మీకు నోరు రాదు!