చాప మీద నుంచి లేచి జరిగిన సంఘం



పోయిన నెల ప్రభురాత్రి భోజనం వేళ ఒక సహోదరి కూర్చున్న చాప మీద నుంచి ఇద్దరు లేచి పక్కకు జరిగారు. ఆమె తాగిన పాత్ర తమ దగ్గరకు వస్తుందని భయం. ఆమె భర్త హెచ్.ఐ.వి.తో చనిపోయాడు. ఆయన ద్వారానే ఆమెకూ సోకింది. పెళ్లినాటి ప్రమాణం ఆమె ఏనాడూ తప్పలేదు. అంతా చూసి కూడా మేము బల్ల దగ్గర నోరు తెరవలేదు. ఆ తప్పు ఒప్పుకుంటూ, ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము.

సుఖవ్యాధులన్నీ పాపానికి శిక్షే అని ఏళ్ల తరబడి ప్రసంగించాం. మరి ఈ సహోదరి చేసిన పాపమేంటి? తల్లి కడుపులోనే సిఫిలిస్ సోకిన బిడ్డ చేసిన పాపమేంటి? మన కేకలకు వ్యభిచారం ఆగలేదు గానీ, పరీక్షకు వెళ్లాల్సినవాళ్లు సిగ్గుతో ఆగిపోయారు.

సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. రోగం మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. హెచ్.ఐ.వి. ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. మనిషి ఆరోగ్యంగా కనబడితే సరిపోదు, పరీక్ష చేయించాలి. ఒకే పాత్రలో తాగితే, పక్కన కూర్చుంటే, దోమ కుడితే హెచ్.ఐ.వి. రాదు.

నూనె రాసి "స్వస్థత అయింది, మాత్రలు ఆపెయ్" అనే బోధకులారా, మీరు ప్రాణాలు తీస్తున్నారు. మాత్రలు ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రలు రోజూ వేసుకుని, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, దాంపత్యం ద్వారా అది ఎదుటివారికి సోకదు. ఇది దేవుని కృప కాదా?

పెళ్లికి ముందు పవిత్రత, పెళ్లిలో నమ్మకం అనే బోధ మేము మానము. దానితోపాటు ఇకపై ఇవీ చెబుతాము. పెళ్లి చేసుకోబోయే ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఫలితం మాకు చూపనక్కర్లేదు, ఒకరికొకరు చూపుకోండి. గర్భిణులు మొదటి నెలల్లోనే పరీక్షకు వెళ్లండి. సుఖవ్యాధికి భర్త మందు వాడితే భార్యకూ చికిత్స కావాలి. ఒకరికి హెచ్.ఐ.వి. ఉంటే, డాక్టరు చెప్పేదాకా కండోమ్ వాడండి. అది పాపం కాదు, ఇంకో ప్రాణాన్ని కాపాడటం. మమ్మల్ని అడగడానికి మొహమాటమైతే 1097కు ఉచితంగా ఫోన్ చేయండి.

ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టి బాగుచేశాడు. వచ్చే ఆదివారం ఆ సహోదరి పక్కన చాప మీద మా కుటుంబం కూర్చుంటుంది. ఆమె తర్వాత ఆ పాత్రలో మేము తాగుతాము. మీరూ రండి.