బస్సు ఎప్పుడొస్తుందో చెప్పండి

తెలంగాణలో ఆడవాళ్లకు బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం గురించి నా ముందు ఎవరైనా ఎగతాళిగా మాట్లాడితే ఊరుకోను. హైదరాబాద్‌ సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. నెలాఖరులో ఆడవాళ్లు కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకోవడం, రెండు స్టేజీల ముందే దిగి మిగతా దూరం నడిచిపోవడం కళ్లారా చూశాను. ఇళ్లలో అంట్లు తోమేవాళ్లు, బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడేవాళ్లే అందులో ఎక్కువ. 2023 డిసెంబర్ 9 నుంచి వాళ్లకు ఆ బాధ తప్పింది. ఆర్డినరీ అయినా, మెట్రో ఎక్స్‌ప్రెస్ అయినా గుర్తింపు కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకుని దిగాల్సిన చోటే దిగుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం వచ్చింది. ఏ ప్రభుత్వం చేసినా ఇది మంచి పనే.

నేను అడిగేది ఆ తర్వాతి సంగతి. బస్సు ఎప్పుడొస్తుంది?

ఎనిమిదింటికి పనిలో ఉండాల్సిన మనిషి, బస్సు వస్తుందన్న భరోసా ఉంటే ఏడున్నరకు బయల్దేరుతుంది. రాదేమోనన్న భయంతో ఏడింటికి ముందే ఇల్లు వదులుతుంది. అది కూతురికి జడ వేయాల్సిన సమయం, తాను రెండు ముద్దలు తినాల్సిన సమయం. అంత ముందు బయల్దేరినా బస్సు రాకపోతే షేర్ ఆటో ఎక్కాల్సిందే. డ్రైవర్‌కు అటొకరు, ఇటొకరు కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెళ్తారు. బస్సులో మిగిలిన డబ్బు ఆటోకు పోతుంది.

నా బస్సులో రోజూ ఎక్కే ఒకావిడ ఉండేది. బిల్డింగ్ పనికి వెళ్లేది. చేతిలో స్టీలు డబ్బా, భుజాన పాత చొక్కా. దిగేటప్పుడల్లా, “అక్కా, సాయంత్రం ఆరు దాటాక బండి ఎన్నింటికి?” అని అడిగేది. చార్టులో రాసి ఉన్న టైము చెప్పేదాన్ని. చెబుతున్నప్పుడే ఆ టైముకు బండి రాదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

“ముప్పావు గంట ఒక్కటీ రాదు, వస్తే మూడు ఒకేసారి” అని జనం తిడుతుంటారు. డ్రైవర్లు కావాలనే కలిసి వస్తారనుకుంటారు. అసలు జరిగేది వేరు. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్‌నే తీసుకోండి. ముందు బస్సు అమీర్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు ఇరుక్కుందనుకుందాం. ఆ ఐదు నిమిషాల్లో తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు. వాళ్లందరూ ఎక్కాలి, ఫుట్‌బోర్డు మీద వాళ్లను లోపలికి జరపాలి, గొడవ సర్ది రైట్ చెప్పాలి. ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువ జనం, ఇంకా ఆలస్యం. వెనక బస్సుకేమో ఎక్కేవాళ్లే ఉండరు, గబగబా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఒకటి ఊపిరాడనంత నిండి, ఇంకొకటి సగం ఖాళీగా, రెండూ కలిసే చేరతాయి. ఆ తర్వాత చాలాసేపు ఆ దారిలో బస్సే కనబడదు. వెనక బండిని మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. ఏ బండి ఎక్కడుందో ఫోన్‌లో కనిపించే ఈ రోజుల్లో అది చేయలేని పని కాదు.

అయితే ముందు నడపడానికి బండ్లు ఉండాలి. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా ఇది. ఇవాళ జనాభా కోటి దాటిన నగరానికి సుమారు మూడు వేల సిటీ బస్సులున్నాయి. లక్ష మందికి 60 బస్సులుండాలన్నది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన ప్రమాణం. ఆ లెక్కన ఆరు వేలు కావాలి. 2019లో ఆర్టీసీ ఉద్యోగుల 52 రోజుల సమ్మె ముగిశాక నగరంలో వందల బస్సులు తగ్గాయి. ఆ లోటు తీరకముందే కరోనా వచ్చింది, ఆ తర్వాత ఉచిత ప్రయాణంతో రద్దీ పెరిగింది.

మెట్రో ఉంది కదా అంటారు. 69 కిలోమీటర్ల మెట్రో, రాయదుర్గం వెళ్లే కుర్రకారుకు బాగా అక్కరకొచ్చింది, కాదనను. 2025లో పెంచాక చార్జీ 11 నుంచి 69 రూపాయలయింది. రానూపోనూ అంత పెట్టి అంట్లు తోమడానికి ఎవరు వెళ్లగలరు?

వాళ్లకు బస్సే దిక్కు. ఆ బస్సును రవాణా సంస్థలు రెండు లెక్కలతో తూస్తాయి. కిలోమీటరుకు ఎంత వచ్చింది, సీట్లు ఎంత శాతం నిండాయి. మా భాషలో ఈపీకే, ఓఆర్. ఓఆర్ వంద దాటితే ఆ రూటు బాగున్నట్టు. కానీ కిక్కిరిసిన బండిని చూసి ఎక్కలేక స్టాపులోనే ఉండిపోయిన మనిషికి మేం టికెట్ కొట్టలేదు కదా! ఆమె ఏ మిషన్‌లోనూ నమోదు కాదు, ఏ రిపోర్టులోనూ కనబడదు. ఓఆర్ నూట ఇరవై అయిందని సంతోషించే చోట, ఎంతమంది మిగిలిపోయారని అడిగేవాళ్లు కావాలి. స్టాపులో మనిషి సగటున ఎన్ని నిమిషాలు నిలబడుతోందన్నది మూడో లెక్కగా రావాలి.

కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. డీజిల్ బస్సులను ఔటర్ రింగ్ రోడ్డు బయటికి పంపాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఆలోచన. పొగ తగ్గితే రోజంతా రోడ్డు మీదే ఉండే డ్రైవర్లు, కండక్టర్ల కంటే ఎక్కువ సంతోషించేవాళ్లు ఉండరు. కానీ రెండు వేలు వచ్చి రెండు వేలు పోతే స్టాపులో ఉన్న మనిషికి ఏం ఒరిగింది? కొత్తవి ఎన్ని వస్తున్నాయో చెప్పినప్పుడే పాతవి ఎన్ని తీస్తున్నారో కూడా డిపోల వారీగా ప్రకటించాలి. ఏ రూట్లో రద్దీవేళ ఎన్ని నిమిషాలకొక బస్సు నడుపుతారో ప్రతి స్టాపులో బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో, హిందీలో పెద్ద అక్షరాలతో రాయాలి. మొదటి బస్సు, చివరి బస్సు టైములతో సహా.