పాత యంత్రము – క్రొత్త వ్యయము

2020వ సంవత్సరమున కరోనా వ్యాధిచే పాఠశాలలును కళాశాలలును మూతపడినప్పుడు, శ్రీకాకుళ విజయనగర జిల్లాలలోని గృహస్థులనేకులు తమ బిడ్డల చదువు సాగుటకై లాప్‌టాప్ కంప్యూటరులను కొనిరి. విద్యార్థికై కొన్న యంత్రమే క్రమముగా ఇంటి లెక్కలకును, మీభూమిలో అడంగలు చూచుకొనుటకును, వర్తకుల జి.ఎస్.టి. పద్దులకును ఆధారమైనది. అట్టి యంత్రములు ఇప్పుడు అయిదేండ్ల ప్రాయము దాటి, పని నడుమ హఠాత్తుగా స్తంభించుచు, నీలితెర చూపుచు, తమంతట తామే ఆరిపోవుచు యజమానులను వేధించుచున్నవి. వీనిని బాగుచేయించుటయా, పాఱవైచి క్రొత్తవి కొనుటయా? ముప్పది నలువదివేల రూపాయల వ్యయమునకు సంబంధించిన ఈ ప్రశ్న అల్పమైనది కాదు. సామాన్యరైతునకు అది ఒక పంటమీది మిగులు సొమ్ము కావచ్చును.

ఈ విషయమున రెండు వాదములు బయలుదేరినవి. యంత్రమునకు అయిదేండ్లే ఆయుర్దాయమనియు, అటుపిమ్మట దానిపై వెచ్చించు ప్రతి రూపాయియు బూడిదలో పోసిన పన్నీరనియు అమ్మకందారులు చెప్పుదురు. కొన్న వస్తువును ప్రాణముండగా విడువరాదనియు, ఎన్నిమారులైనను బాగుచేయించుకొనవలెననియు మన పెద్దలు చెప్పుదురు. మొదటివారి మాటలో స్వలాభము కలదు. రెండవవారి మాటలో అభిమానము కలదు. రెండింటియందును పరీక్ష లేదు. వైద్యుడు నాడి చూడకయే రోగి బ్రదుకడని చెప్పుట ఎంత అవివేకమో, యంత్రమున చెడిన భాగమేదో తెలియకయే తీర్పు చెప్పుటయు అంతటి అవివేకమని మా యభిప్రాయము.

ఆగిపోవుట రోగము కాదు, రోగలక్షణము. దానికి కారణములు పెక్కులు. వానిలో మిక్కిలి సామాన్యమైనది వేడిమి. లోపలి పంకాయందు ధూళి పేరుకొనును. ప్రాసెసరునకును దానిని చల్లార్చు రేకునకును నడుమ పూసిన లేపనము ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. అప్పుడు యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై ఆరిపోవును. పరుపుమీద బెట్టి వాడుటచే గాలిదారి మూసికొనిపోయినను ఇట్లే జరుగును. దీనికి కావలసినది శుభ్రపఱచి క్రొత్త లేపనము పూయుట మాత్రమే. కొన్నివందల రూపాయలతో తీరవలసిన ఇట్టి లోపమునకై యంత్రమునే మార్చుట, వత్తి మాడినదని దీపమును పాఱవేయుటవంటిది.

రెండవ కారణము డిస్కు. పాత యంత్రములలో పెక్కింటియందు తిరుగుడు బిళ్లలుగల హార్డుడిస్కు ఉండును, అది అరుగును. డిస్కు తన ఆరోగ్యస్థితిని తానే నమోదు చేసికొనును గనుక, ఆ నమోదును తెరపై చూపుమని మరమ్మతుదారుని అడుగవలెను. దాని స్థానమున కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. అమర్చినయెడల, చచ్చుబడినదనుకొన్న యంత్రము పూర్వముకంటె చుఱుకుగా పనిచేయుట సర్వసామాన్యము. మూడవది మెమొరీ ముక్క. దానిని తీసి మఱొకటి పెట్టి చూచినచో దోషము బయటపడును. నాలుగవది విద్యుత్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు వచ్చినప్పుడు మన పల్లెలెన్నో దినములతరబడి చీకటిలో మునిగెను. కరెంటు పోయి మరల వచ్చునప్పటి హెచ్చుతగ్గులు చార్జరులకు హానికరములు. కళింగపట్టణము, భావనపాడు మొదలగు తీరగ్రామములలో ఉప్పుగాలి లోహపు మొనలను తుప్పుపట్టించును. బ్యాటరీ ఉబ్బినయెడల మాత్రము విచారణకు తావులేదు. యంత్రమును వెంటనే ఆపి, దానిని తెలిసినవారిచే తీయింపవలెను. అది అగ్నిప్రమాదమునకు హేతువగును.

మన ప్రాంతమున ఈ వివేకము క్రొత్తది కాదు. బొబ్బిలి వీణను పనసమానుతో చేయుదురు. కాలక్రమమున మైనము చెడి మెట్లు కదలినయెడల మేళము మరల కట్టింతురు. తంత్రి తెగిన తంత్రి మార్తురు. అంతమాత్రమున వీణను ఎవరును పాఱవేయరు. కుండయే చీలినయెడల విచారము వేఱు. లాప్‌టాపునకు ఆ కుండ మదరుబోర్డు. డిస్కు, మెమొరీ, బ్యాటరీ, పంకా, మీటల పలక — ఇవి మెట్లును తంత్రులును వంటివి. మదరుబోర్డు చెడినను, తెరయు బోర్డును ఒకేమారు దెబ్బతిన్నను, మరమ్మతు వ్యయము కొనుగోలు వ్యయమును సమీపించును. అప్పుడు అభిమానమునకు లోబడుట పొదుపు కాదు.

కావున పాఠకులు ఒక లెక్కను పాటింపవచ్చును. మరమ్మతు వ్యయము అట్టి పనికి చాలిన క్రొత్త యంత్రపు వెలలో మూడవవంతునకు లోబడియున్నచో బాగుచేయించుటయే మేలు. సగము దాటినచో క్రొత్తది కొనుటయే మేలు. ఈ రెంటి నడుమ నున్నచో, బాగైన పిమ్మట అది మఱి రెండేండ్లయినను నమ్మకముగా పనిచేయునా యని విచారింపవలెను. ఒక సంవత్సరములో మూడుమారులు వేర్వేఱు భాగములు చెడినయెడల యంత్రము తన మాట తానే చెప్పుచున్నదని గ్రహింపవలెను. ఇచ్చట మఱొక సంగతి గమనింపదగినది. కృత్రిమ మేధకై నిర్మింపబడుచున్న కంప్యూటరు కేంద్రములు మెమొరీ చిప్పులను విశేషముగా కొనుచుండుటచే, 2025 చివర ప్రపంచమంతట వాని వెలలు బాగుగా పెరిగినవి. పాత యంత్రమునందలి మంచి మెమొరీ ముక్క చెత్త కాదు.

వెల మాట అటుండగా, వర్తకులు తఱచుగా చెప్పు కారణము మఱియొకటి కలదు. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థ సామాన్యరక్షణను 2025 అక్టోబరు 14తో ముగించెను. గృహవినియోగదారులకు ఇచ్చిన పొడిగింపునకు 2026 అక్టోబరు 13 గడువు. రక్షణ లేని యంత్రముపై బ్యాంకు వ్యవహారములు నడుపుట తగదనుట నిజమే. కాని దీనినిబట్టి పాత యంత్రములన్నియు పనికిరావనుట అసత్యము. 2017కు పూర్వపు తరముల ప్రాసెసరులు గల యంత్రములు సామాన్యముగా విండోస్ 11నకు అర్హములు కావు. అటుపిమ్మటి తరములవి పెక్కు అర్హములే. 2020లో క్రొత్తగా కొన్నవానిలో అనేకము ఉచితముగనే దానికి మార్చుకొనదగియున్నవి. అర్హత లేని యంత్రమునకును లినక్సు అను స్వేచ్ఛాసాఫ్టువేరు కలదు. భారత ప్రభుత్వసంస్థయగు సీ-డాక్ రూపొందించిన 'బాస్' ఆ జాతిదే. అది తెలుగునందును పనిచేయును. చదువునకును, ఉత్తరప్రత్యుత్తరములకును, వ్రాతపనికిని అది చాలును. విండోస్‌పై మాత్రమే నడచు లెక్కల సాఫ్టువేరును నమ్ముకొన్న వర్తకుడు మాత్రము ముందుగా విచారించుకొనవలెను.

ఏ మార్గము నవలంబించినను మొదటి కర్తవ్యమొకటే. యంత్రము ఇంకను తెఱచుకొనుచుండగనే అందలి దస్తావేజుల ప్రతులు, పిల్లల సర్టిఫికెట్లు, లెక్కలు, ఛాయాచిత్రములు వేఱొక డిస్కునకు ఎక్కించుకొనవలెను. యంత్రము మరల కొనవచ్చును. గతించిన తల్లిదండ్రుల ఛాయాచిత్రము కొన దొరకదు. పిమ్మట దుకాణమునకు పోయి, దోషమేదో, వెల ఎంతో కాగితముపై వ్రాయించుకొని, తీసివేసిన భాగమును తిరిగి పుచ్చుకొనవలెను. నిజాయితీగల పనివాడు ఈ కోరికలకు కోపింపడు.

క్రొత్తది కొనుటయే నిశ్చయమైనచో, తెర వెడల్పును, రంగును, తగ్గింపు ధరను చూచి మోసపోరాదు. మెమొరీ బోర్డునకు అతికింపబడినదా, తీసి పెంచుకొనదగినదా? డిస్కు మార్చవచ్చునా? బ్యాటరీ మన ఊర దొరకునా? ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పలేని అమ్మకందారునివద్ద కొనరాదు. నేడు సన్ననివని మెచ్చుకొను యంత్రములలో పెక్కింట మెమొరీ బోర్డునకే అతికింపబడియుండును. అది చెడినచో బోర్డు చెడినట్లే.

ఇంతవఱకు గృహస్థుని కర్తవ్యము చెప్పితిమి. ప్రభుత్వమునకును కర్తవ్యము కలదు. మన దేశమున అమ్ముడగు లాప్‌టాపులలో అధికభాగము విదేశములనుండి, అందును చీనానుండి వచ్చుచున్నవి. దిగుమతులను అదుపులో నుంచుటకై 2023 ఆగస్టులో కేంద్రప్రభుత్వము నిబంధనలు ప్రకటించి, పిమ్మట వానిని సడలించి, నవంబరునుండి అనుమతి పద్ధతిని ప్రవేశపెట్టెను. దిగుమతిని తగ్గించు మార్గములలో, ఉన్న యంత్రమును రెండేండ్లు అధికముగా నడిపించుటకంటె సులభమైనది వేఱొకటి లేదు. కాని పనివాడు చేతనైనవాడైనను భాగము దొరకనియెడల ఏమి చేయగలడు? విజయనగరమున, శ్రీకాకుళమున, పలాసలో నేర్పుగల యువకులు లేకపోలేదు. వారికి కంపెనీల పటములు అందవు. అసలు భాగములు సకాలమున దొరకవు. యజమాని విశాఖపట్టణమునకు రెండుమారులు తిరిగి, విసిగి, క్రొత్తది కొనును. ఇది మరమ్మతు ఓడిపోవుట కాదు. దానిని పోటీకే రానీయకుండుట.

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 'రైట్ టు రిపేర్' అను పేర మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును ప్రారంభించెను. మరమ్మతు సౌలభ్యమును తెలుపు సూచికను గూర్చి నియమింపబడిన సంఘము 2025లో నివేదికను సమర్పించెను. ఫ్రాన్సు దేశమున 2021నుండియే అమ్మకపు లాప్‌టాపుపై, అది ఎంత సులభముగా బాగుచేయదగినదో పదింటికి ఇన్ని మార్కులని ప్రకటించుట చట్టసమ్మతమైన విధి. కొనువానికి ముందే తెలిసినచో, చేయువాడును జాగ్రత్తపడును. లాప్‌టాపులను స్పష్టముగా చేర్చి మన దేశమునను అట్టి విధిని నిర్బంధము చేయవలెననియు, భాగములను కంపెనీలు నియమితకాలము విడిగా అమ్మునట్లు శాసింపవలెననియు, మన ఐ.టి.ఐ.లలోను పాలిటెక్నిక్కులలోను ఈ మరమ్మతు విద్యను శ్రద్ధగా నేర్పవలెననియు మేము కోరుచున్నాము.

తుదకు ప్రాణము పోయిన యంత్రమును గూర్చి ఒక మాట. దానిని పాతసామానులవానికి తూకమునకు వేయుట మనకు అలవాటైనది. అతడు తీగలను కాల్చి రాగి తీయును. ఆ విషధూమము వాని బిడ్డలే పీల్చుదురు. మిగిలిన చెత్త నాగావళి గట్టునకో, చంపావతి గట్టునకో చేరును. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన ఎలెక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు, ఇట్టి వ్యర్థమును నమోదైన సంస్థలద్వారా శుద్ధిచేయించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. ఆ బాధ్యత కాగితముపై నిలిచిపోకుండ, ప్రతి పురపాలకసంఘమునను ఒక సేకరణస్థానము ఏర్పడవలెను.

యంత్రము మన పనికై పుట్టినది. దాని ఆయుర్దాయమును అమ్మువాడు నిర్ణయింపరాదు. పరీక్షించి చెడిన భాగమును మార్చుడు. మార్చుటకు వీలులేనప్పుడు, రేపు బాగుచేయదగినదానినే కొనుడు. ఇంటి సొమ్ము నిలుచుటకును, ఊరి పనివానికి పని దొరకుటకును ఇదియే దారి.