నివురుగప్పిన నక్షత్రాలు

పిల్లలూ, పత్రికలలో ఏదో ఒక మూల అప్పుడప్పుడు ఒక చిన్న ప్రకటన పడుతుంటుంది. ఎప్పుడైనా చదివారా? హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర ఉన్న బెలూన్ కేంద్రం నుంచి పెద్ద పెద్ద బెలూన్లు వదులుతున్నామనీ, అవి 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయనీ, వాటికి కట్టిన పరికరాలు తరువాత రంగురంగుల పారాచూట్లతో దిగి ఏ పొలంలోనైనా పడవచ్చుననీ అందులో ఉంటుంది. ఏయే జిల్లాలలో పడవచ్చునో కూడా రాస్తారు. ఆ జాబితాలో మన నల్గొండ, సూర్యాపేట జిల్లాలు కూడా ఉంటాయి. పెట్టె కనబడితే విప్పవద్దు, కదపవద్దు, దానిమీది చిరునామాకు గాని దగ్గరి పోలీసు ఠాణాకు గాని కబురు చేయండి అని చివర హెచ్చరిక.

హెచ్చరిక సబబైనదే. కొన్ని పరికరాలలో ఎక్కువ వోల్టేజి ఉంటుంది. ఎవరైనా స్క్రూలు ఊడదీస్తే ఎన్నో నెలల శ్రమ మట్టిపాలవుతుంది. నా ఫిర్యాదు హెచ్చరిక మీద కాదు. తాకవద్దని చెప్పడానికి ప్రకటన ఉంది, లోపల ఏముందో చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక పల్లె పొలంలోకి బెలూన్ కట్టిన పెద్ద గుండ్రటి గది ఒకటి దిగింది. మనుషులను పైకి తీసుకుపోయే ప్రయత్నం కోసం జరిపిన పరీక్ష అది. చూడటానికి ఊరు ఊరంతా తరలివచ్చింది. ఆ గుంపులో బడిపిల్లలు ఉండకపోరు. వారికి ఆ మర్నాడు క్లాసులో ఎవరైనా నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడులలో ఈ పెట్టె కథ పాఠంగా చెప్పాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ కథ పట్టుకుపోతే తిన్నగా చచ్చిపోయిన నక్షత్రాల దగ్గరికి చేరుతుంది.

ఈ బెలూన్ కేంద్రాన్ని నడిపేది బొంబాయిలోని (ఇప్పటి ముంబయి) టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్. హైదరాబాదులో శాశ్వతంగా స్థిరపడింది 1969లో. అక్కడి నుంచి 1980లలో పైకి లేచిన పరికరాలలో ఒకటి దుర్భిణి. దాని అద్దం అడ్డకొలత 100 సెంటీమీటర్లు. అమెరికావారు 2003లో ఆకాశానికి పంపిన పేరుమోసిన స్పిట్జర్ దుర్భిణి అద్దం ఎంతో తెలుసా? 85 సెంటీమీటర్లే! 1999 నుంచి జపాను శాస్త్రజ్ఞులు కూడా తమ పరికరాన్ని తెచ్చి మన దుర్భిణికి అమర్చి ఎగరవేశారు. ఈ దుర్భిణి చూసేది మామూలు వెలుతురును కాదు, పరారుణ కిరణాలను.

పరారుణ కిరణాలంటే ఏమిటో మిర్యాలగూడ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడి రైసుమిల్లులలో బాయిలర్ల కింద ఊక తగలబెడతారు కదా! ఆ బూడిద కుప్ప పైకి చూస్తే చల్లారిపోయినట్టే ఉంటుంది. లోపల నిప్పు. చూసుకోక కాలు వేశారా, బొబ్బలే. కాని కాస్త ఎడంగా నిలబడినా ముఖానికి సెగ తగులుతుంది. కంటికి దొరకనిది చర్మానికి దొరికింది! ఆ సెగలో ఉన్నవే పరారుణ కిరణాలు. నివురుగప్పిన నిప్పు అన్న మాట పుట్టించినవారికి భౌతికశాస్త్రం తెలియకపోయినా సంగతి మాత్రం తెలుసు.

వేడి ఉన్న ప్రతి వస్తువూ కిరణాలను వెలువరిస్తూనే ఉంటుంది. వస్తువు చల్లనయ్యేకొద్దీ ఆ కిరణాల అల పొడవు పెరుగుతుంది. మన శరీరం నుంచి ఎక్కువగా వచ్చేవి 10 మైక్రాన్ల దగ్గరివి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సున్నకు దిగువ 250 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో ఉన్న దుమ్ము సైతం కిరణాలు పంపుతుంది. అవి 100 మైక్రాన్లు దాటి ఉంటాయి. చిక్కేమిటంటే మన గాలిలోని నీటి ఆవిరి వాటిని దారిలోనే మింగేస్తుంది. సూర్యాపేటలో ఎంత మంచి దుర్భిణి నిలబెట్టినా ఒక్క కిరణం కూడా చిక్కదు. అందుకే బెలూన్. 30 కిలోమీటర్లు పైకి పోతే వాతావరణంలో నూటికి 98 పాళ్ళకు పైగా కిందనే ఉండిపోతుంది.

మరి ఆ దుర్భిణి ఏం చూసింది? ఎక్కువగా నక్షత్రాలు పుట్టే మబ్బులను, వాటిలోని దుమ్మును. నక్షత్రాల నడుమ ఉన్న పదార్థంలో నూటికి సుమారు ఒక పాలు దుమ్మే. దుమ్ము అనడం కన్నా పొగ అనడం న్యాయమేమో! దాని రేణువులు చాలామటుకు మైక్రాన్ కన్నా చిన్నవి. ఇసుక జాతివి కొన్ని, మసి జాతివి కొన్ని. ఆ కాస్త దుమ్ము లేకపోతే భూమి వంటి గ్రహం తయారయ్యేది కాదు. కనుక అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది చిన్న ప్రశ్న కాదు.

సూర్యుడి వంటి నక్షత్రాలు ముసలితనంలో ఉబ్బి, పై పొరలను మెల్లగా వదులుతూ దుమ్ము చేస్తాయని ఎప్పటినుంచో తెలుసు. కాని అవి ముసలివి కావడానికి వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం పుట్టి ఇంకా 100 కోట్ల సంవత్సరాలైనా నిండని కాలంనాటి నక్షత్రమండలాలలో కూడా శాస్త్రజ్ఞులకు దుమ్ము కనబడింది. అంత తొందరగా చేసిందెవరు? అనుమానం సూపర్‌నోవాల మీదికి పోయింది. చాలా బరువైన నక్షత్రం కొద్ది కోట్ల సంవత్సరాలలోపే ఇంధనం అయిపోయి, నడిమి భాగం కూలి, పై భాగం పేలిపోవడమే సూపర్‌నోవా.

1987 ఫిబ్రవరిలో ఈ అనుమానాన్ని పరీక్షించే అవకాశం వచ్చింది. మనకు సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న పెద్ద మాగెల్లాన్ మేఘంలో ఒక నక్షత్రం పేలింది. దక్షిణార్ధగోళంలో దుర్భిణి అవసరం లేకుండానే కనబడింది. పేలిన తరువాత దాదాపు 500 రోజులకు ఒక వింత జరిగింది. మామూలు వెలుతురు ఉన్నట్టుండి అనుకున్నదానికన్నా వేగంగా తగ్గింది, పరారుణ కిరణాలు పెరిగాయి. అంతేకాదు, పేలుడులో మనవైపు దూసుకువచ్చే భాగం వెలుగు బాగానే ఉంది, అవతలివైపు పోయే భాగం వెలుగు మందగించింది. ఆలోచించండి, ఎందుకు? నడుమ దుమ్ము పుట్టింది! అవతలి వెలుగు దాన్ని దాటి రావాలి కదా.

అయితే లెక్క కడితే ఆ దుమ్ము సూర్యుడి బరువులో వెయ్యో వంతైనా తేలలేదు. అంత కొంచెంతో పాత నక్షత్రమండలాల దుమ్ముకు జవాబు దొరకదు. సూపర్‌నోవాల మీద ఆశ సన్నగిల్లింది. 23 ఏళ్ళ తరువాత, 2010లో ఐరోపావారి హెర్షెల్ అనే అంతరిక్ష దుర్భిణి 3.5 మీటర్ల అద్దంతో అదే చోటును 100 మైక్రాన్లు దాటిన కిరణాలలో చూసింది. 2011లో ఫలితం వెలువడింది. సూర్యుడి బరువులో సుమారు సగం దుమ్ము! అంటే లక్షకు పైగా భూములను చేయడానికి సరిపోయేటంత. గడ్డకట్టుకుపోయే చలిలో ఉండటంచేత అంతకు ముందటి పరికరాలకు అది దొరకలేదు.

ఇక్కడే అసలు తగాదా మొదలు. ఆ దుమ్ము 23 ఏళ్ళలో కొంచెం కొంచెంగా పేరుకుందని కొందరి వాదం. కాదు, మొదటి రెండు మూడేళ్ళలోనే తయారై ముద్దలు ముద్దలుగా దాగి ఉందని మరికొందరి వాదం. ఒకే పేలుడును ప్రపంచమంతా కళ్ళప్పగించి చూసినా ఈ సంగతి తేలలేదు. 1054లో చీనావారు చూసి రాసిపెట్టిన పేలుడు శేషమే ఈనాటి పీత నీహారిక. అందులో దుమ్ము ఎంత ఉందో 2012లో ఒక లెక్క కట్టారు. తరువాతి లెక్కలలో అది బాగా తగ్గింది. దుమ్ము పుట్టినా బతికి బయటపడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. పేలుడు పదార్థం చుట్టుపక్కల వాయువును గుద్దుకున్నప్పుడు ఒక తాకిడి వెనక్కి తిరిగి లోపలికి వస్తుంది. అది రేణువులను చితకగొడుతుంది. ఎన్ని మిగులుతాయి? కొన్నైనా మిగులుతాయనడానికి సాక్ష్యం మన చేతిలోనే ఉంది. 1969లో ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఊరి దగ్గర పడిన ఉల్కలో సూర్యుడికన్నా పాతవైన రేణువులు దొరికాయి. వాటిలో కొన్నింటికి సూపర్‌నోవా ముద్ర స్పష్టంగా ఉంది. కాని కొన్ని అంటే ఎన్ని? 2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ దుర్భిణి ఇప్పుడు ఈ పనిమీదే కొంత సమయం వెచ్చిస్తున్నది. 2.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో 2004లోను, 2017లోను పేలిన రెండు నక్షత్రాల దగ్గర అది దుమ్మును పసిగట్టినట్టు 2023లో ప్రకటించారు.

ఇంత తగాదా ఉండగా మన పుస్తకాలు, ఉపన్యాసాలు ఏమంటాయి? మనమంతా నక్షత్ర ధూళి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. పిల్లలు చప్పట్లు కొడతారు, పాఠం అయిపోతుంది. నాకు ఈ పద్ధతి బొత్తిగా నచ్చదు. ఎముకలలోని కాల్షియం, నెత్తురులోని ఇనుము నక్షత్రాలలో తయారైనవే, అంతవరకు నిజం. కాని మూలకం తయారు కావడం వేరు, అది రేణువుగా గట్టిపడి, తాకిడిని తట్టుకుని, మబ్బులోకి చేరడం వేరు. వడ్లు పండటం ఒకటి, బియ్యం ఇంటికి చేరడం ఒకటి కాదూ? నడుమ ఎంత నూకైపోయిందో, ఎంత ఊకలో పోయిందో మిల్లు దగ్గరివాళ్ళను అడగండి. తేలిన విషయాన్ని బట్టీ పట్టించడం సులువే. తేలని విషయాన్ని తేలలేదని చెప్పి, ఎందుకు తేలలేదో వివరించే మాస్టారు దొరికితే పదో తరగతి పిల్లవాడు కూడా ఆ తగాదాలో ఒక పక్షం వహించగలడు.

మన ఊరి దుమ్ముకే దిక్కులేదు, నక్షత్రాల దుమ్ము మనకెందుకు అని అడిగేవాళ్ళుంటారు. జాతీయ రహదారి పక్కన సూర్యాపేటలో ఉండేవాళ్ళకు, సున్నపురాయి లారీలు తిరిగే దారులలో ఉండేవాళ్ళకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. కొట్టిపారేయను. కాని ఆ రెండు దుమ్ములూ మీరనుకున్నంత దూరపువి కావు. మిర్యాలగూడ ఊక బూడిదలో చాలా భాగం సిలికా. అది ఊపిరితిత్తులలోకి పోతే మంచిది కాదు. ఆ బూడిద చిటికెడు తీసుకుని పరారుణ వర్ణమాపకంలో పెడితే 9 మైక్రాన్ల దగ్గర సిలికా గుర్తు కనబడుతుంది. సుమారు 11,000 కాంతి సంవత్సరాల దూరంలో కాసియోపియా-ఎ అనే సూపర్‌నోవా శేషం ఉంది. స్పిట్జర్ దుర్భిణి దానిని చూసినప్పుడు శాస్త్రజ్ఞులు ఆ కిరణాలను విడదీసి, అక్కడి దుమ్ములోనూ సిలికా ఉన్నదని 2008లో చెప్పారు. ఏ దుమ్ములో ఏముందో దాన్ని ముట్టుకోకుండా చెప్పే విద్య రెండు చోట్లా ఒకటే. అది నేర్చినవాడు కోదాడలో ఉన్నా పనికివస్తాడు. పైగా స్పిట్జర్, హెర్షెల్ దుర్భిణులు పోగుచేసిన కొలతలన్నీ ఇంటర్నెట్టులో ఉచితంగా పెట్టారు. వెబ్ కొలతలు కూడా కొన్నాళ్ళు గడిచాక అందరికీ అందుతాయి. దుర్భిణి మన దగ్గర లేదన్నది ఇప్పుడు సాకుగా చెల్లదు.

కనుక హెడ్మాస్టర్లకు నా మనవి. మీ మండలంలో పారాచూట్ పెట్టె పడితే దాన్ని తీసుకుపోవడానికి బెలూన్ కేంద్రం వాళ్ళు వస్తారు. ఒక గంట మీ బడికి రమ్మని అడగండి. రాలేమంటే పోయేదేమీ లేదు.

వాళ్ళు వచ్చేదాకా పిల్లలు ఊరికే కూర్చోనక్కరలేదు. 1800లో విలియం హెర్షెల్ ఇంగ్లండులో చేసిన ప్రయోగాన్ని మన ఎండలో ఇంకా సులువుగా చేయవచ్చు. ఒక గాజు పట్టకం, ఒకే రకం థర్మామీటర్లు నాలుగు, ఒక అట్టపెట్టె చాలు. పాదరసం కాకుండా ఎర్రరంగు ద్రవం ఉన్నవి తీసుకోండి, పగిలినా ప్రమాదం ఉండదు. వాటి బుడ్డలకు నల్లరంగు పూయండి. పెట్టె అడుగున తెల్లకాగితం పరచి, ఇంద్రధనుస్సు రంగులు దానిమీద పడేటట్టు పట్టకాన్ని అంచున బిగించండి. ఒక థర్మామీటరు నీలం మీద, ఒకటి పసుపు మీద, మూడోది ఎరుపు దాటిన వెంటనే ఏ రంగూ లేని చోట ఉంచండి. నాలుగోది రంగులకు దూరంగా నీడలో ఉండాలి. అయిదు నిమిషాల తరువాత నాలుగింటినీ కదపకుండా చదవండి. ఏది ఎక్కువ చూపిందో, నీడలోని దానికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువో పట్టిక వేసి, ఊరి పేరు, తేదీ, వేళ రాసి ఈ పత్రికకు పంపండి.