అది ఇనాం కాదు, మజ్దూరీ

పాట విని నాలుగు మాటలు రాస్తే ఇనాం ఇస్తామనే సైట్ల గురించి మన ఇళ్ళల్లో నౌజవాన్‌లు అడుగుతున్నారు. నేనంటాను: ఆ ఇనాం అనే మాటే ధోకా. 2007లో బ్రిటన్‌లో మొదలైన స్లైస్‌దిపై సంగతే చూడండి. విన్నవాళ్ళ అభిప్రాయాలు పోగుచేసి పాటల కంపెనీలకు అమ్మడమే దాని తిజారత్. అంటే వినేవాడు చేసేది తమాషా కాదు, మెహనత్. ముట్టేది పాటకు కొన్ని సెంట్లు. అదీ 10 డాలర్లు నిండితేనే!

హిసాబ్ చేద్దాం. పాటకు 5 సెంట్లు అనుకుంటే 10 డాలర్లకు 200 పాటలు. ఒక్కోటి విని రాయడానికి 3 నిమిషాలైతే మొత్తం 10 గంటలు. మధ్యలో విసిగి మానేస్తే ఆ కష్టమంతా ముఫ్త్!

"ఖాళీ వఖ్త్‌లోనే కదా భాయ్" అంటారు కొందరు. ఖాళీ వఖ్త్‌లో చేసినా పని పనే. చెమట ఆరకముందే కూలీ ఇవ్వాలని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ళం. మేస్త్రీ కూలీ ఆపితే గల్లా పట్టుకుంటాం, స్క్రీన్ వెనక సేఠ్‌ని ఎందుకు అడగం? సంగీతం జాయిజా కాదా అనే బహస్ వేరు. మజ్దూర్ హఖ్ ఆపడం జాయిజ్ కాదన్న విషయంలో మాత్రం బహస్ లేదు.